అమ్మానాన్నల అమెరికా వీసా రిజెక్ట్ అయింది. మళ్ళీ ఎప్పుడు, ఎలా అప్లై చేయాలి?

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకు లెక్క లేదు. తల్లిదండ్రుల విజిటర్ వీసా, అంటే బీ1/బీ2, రిజెక్ట్ అయిందని తెలియగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: "మూడు నెలలాగి, ఈసారి కాగితాలు గట్టిగా పెట్టుకుని వెళ్ళండి." గట్టి కాగితాలంటే సీఏ సంతకంతో నెట్‌వర్త్ సర్టిఫికెట్టు, కొబ్బరితోటకు విలువ కట్టించిన రిపోర్టు, అబ్బాయి జీతం స్లిప్పులు, స్పాన్సర్ లెటరు. తీరా రెండోసారి వెళ్తే ఆ ఫైలు తెరవమని కూడా అడక్కుండానే ఆఫీసరు పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేస్తారు. అంత లావు ఫైలు ఎందుకు పనికిరాలేదో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

మొదటిసారి ఆఫీసరుకు వచ్చిన అనుమానం వేరు, మనం జవాబు చెప్తున్న ప్రశ్న వేరు. రెండోసారి వెళ్ళేముందు ఆ అనుమానం ఏమిటో పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఫీజు మళ్ళీ నీళ్ళపాలే.

చేతికిచ్చిన కాగితంలో ఏముంది?

ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టుతో పాటు ఒక అచ్చు కాగితం ఇస్తారు. చాలామంది ఆ దిగులులో దాన్ని అక్కడే పారేసి వస్తారు. దాచుకోవాలి, ఎందుకంటే తర్వాత చేయాల్సింది దాని మీదున్న సెక్షన్ నంబరును బట్టే ఉంటుంది.

తల్లిదండ్రుల విషయంలో ఎక్కువగా కనిపించేది 214(బి). 1952 నాటి అమెరికా వలస చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసాకు వచ్చిన ప్రతి మనిషీ అక్కడ స్థిరపడిపోవడానికే వచ్చాడని ఆఫీసరు ముందుగానే లెక్కవేసుకోవాలి. అలాంటిదేమీ లేదని నమ్మించాల్సిన భారం పూర్తిగా అప్లై చేసినవాళ్ళ మీదే ఉంటుంది. విజిటర్ అంటే ఎవరో చెప్పేచోట అదే చట్టం ఇంకో షరతు పెట్టింది: సొంత దేశంలో ఒక నివాసం ఉండాలి, దాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు. అంటే 214(బి) కింద కాదన్నారంటే, "మీరు చూసి తిరిగొచ్చేస్తారన్న నమ్మకం ఈ రోజు నాకు కలగలేదు" అని అర్థం. దీనికి అప్పీలు లేదు. మెయిళ్ళు పెట్టినా, అబ్బాయి అక్కడి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు నుంచి లెటరు రాయించినా ఆ నిర్ణయం మారదు. అలాగని అది నిషేధమూ కాదు. కొత్త ఫారం, కొత్త ఫీజు, కొత్త స్లాటుతో మళ్ళీ వెళ్ళొచ్చు.

221(జి) సంగతి వేరు. ఏదో కాగితం తక్కువైందనో, ఇంకా పరిశీలించాల్సింది ఉందనో కేసు ఆపి ఉంచడమది. అడిగింది ఏడాదిలోపు ఇస్తే అదే ఫీజు మీద కేసు ముందుకు సాగుతుంది. ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే మాత్రం దీనికీ "రెఫ్యూజ్డ్" అనే కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి ఇంకో అప్లికేషన్ పెట్టేవాళ్ళున్నారు, అనవసరం. అడిగినవి పంపి ఓపిక పట్టాలి.

మూడోది 212(ఎ)(6)(సి), అబద్ధం చెప్పి గానీ దొంగ కాగితం పెట్టి గానీ వీసా సంపాదించబోయారన్న ఆరోపణ. ఇది పడిందంటే జీవితకాలపు నిషేధమే. దాటాలంటే ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాలి. ఈ నంబరు కనిపిస్తే కన్సల్టెన్సీలు మానేసి నేరుగా అమెరికా ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్ళాలి. కింద చెప్పేదంతా 214(బి) గురించే.

ఎన్నాళ్ళు ఆగాలి?

ఆరు నెలలాగాలనీ, మూడుసార్లు రిజెక్ట్ అయితే ఇక ఎప్పటికీ రాదనీ చెప్తుంటారు. రెండూ ఉత్తమాటలే. నిబంధనల్లో గడువూ లేదు, సంఖ్యా లేదు. హైదరాబాద్‌లో రాలేదని చెన్నైలోనో ముంబైలోనో ప్రయత్నించడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు. వేరే ఊళ్ళో వేరే ఆఫీసరు కూర్చున్నా, మొదటి ఆఫీసరు రాసుకున్న నోట్సు ఆయన తెర మీదా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో నివాసముంటున్న దేశంలోనో అప్లై చేయాలన్న నియమం కూడా వచ్చింది కాబట్టి, దుబాయిలో అన్నయ్య దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి నుంచి పెట్టేద్దామన్న ఆలోచనా కుదరదు.

ఎన్ని నెలలు ఆగాలన్నది అంత ముఖ్యం కాదు, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందన్నదే చూసుకోవాలి. మారడం రెండు రకాలు. పరిస్థితే మారొచ్చు: అబ్బాయి ఓపీటీ (చదువయ్యాక తాత్కాలికంగా పనిచేసే అనుమతి) నుంచి హెచ్‌1బీ ఉద్యోగ వీసాకు మారాడు, అమ్మాయి కాన్వొకేషన్‌కు తేదీ వచ్చింది, చిన్నకొడుక్కి ఇక్కడే ఉద్యోగమో సంబంధమో కుదిరింది, నాన్న రిటైరై పెన్షన్ మొదలైంది, మధ్యలో ఇద్దరూ సింగపూరో లండనో వెళ్ళి అనుకున్న రోజుకు తిరిగొచ్చారు. లేదా పరిస్థితి మొదటి నుంచీ బాగానే ఉండి, ఫారంలోనో ఇంటర్వ్యూలోనో అది బయటపడలేదు. ఈ రెండో రకమైతే నెలలు ఆగాల్సిన పనే లేదు, దొరికిన స్లాటుకు వెళ్ళొచ్చు. రెండూ లేకుండా వెళ్తే మాత్రం మనిషికి 185 డాలర్లు, అంటే 16,000 రూపాయల పైనే, దంపతులిద్దరికీ దానికి రెట్టింపు పోతుంది. కట్టిన ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగిరాదు.

పాత ఫారం ముందు పెట్టుకోండి

రెండో అప్లికేషన్‌ను ఆఫీసరు మొదటిదాని పక్కన పెట్టి చూస్తారు. అందుకని కొత్త డీఎస్-160, అంటే ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు ఫారం, మొదలుపెట్టేముందు పాతది సంపాదించాలి. ఇక్కడే మొదటి చిక్కు. మన ఊళ్ళలో ఈ ఫారాలు ఎక్కువగా కన్సల్టెన్సీవాళ్ళో నెట్ సెంటరు కుర్రాళ్ళో నింపుతారు. అప్లికేషన్ ఐడీ, దానికి పెట్టిన రహస్య ప్రశ్నకు జవాబు, మెయిల్ ఐడీ అన్నీ వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. వాటిని ఎలాగైనా రాబట్టాలి. అప్లికేషన్ ఐడీ, ఇంటిపేరులో మొదటి ఐదక్షరాలు, పుట్టిన సంవత్సరం, రహస్య ప్రశ్నకు జవాబు ఉంటే పాత ఫారం తెరుచుకుంటుంది. అందులోని వివరాలనే కొత్త ఫారంలోకి తెచ్చుకోవచ్చు. అయితే అలా తెచ్చుకున్నప్పుడు పాత తప్పులూ వెంట వస్తాయి. ఒక్కో పేజీ చదవాల్సిందే.

అలా చదివితే తప్పులు ఎక్కువగా దొరికేది వృత్తి పేజీలో. నాన్నగారికి అరవై దాటితే "రిటైర్డ్", అమ్మకైతే "హోమ్‌మేకర్" అని టిక్కు పెట్టేసి ముందుకెళ్ళిపోతారు. ఈ రెంటిలో ఏది పెట్టినా ఫారం ఆదాయం అడగదు, చేసే పనీ అడగదు. అయిదెకరాలు సొంతంగా సాగు చేస్తున్న మనిషి ఆఫీసరు తెర మీద ఏ పనీ లేని వృద్ధుడిలా కనిపిస్తాడు. ఆ జాబితాలో వ్యవసాయం అన్న ఎంపిక ఉంది. అది పెడితే సొంత వ్యవసాయమనీ, ఎప్పటి నుంచి చేస్తున్నారనీ, నెలకు ఎంత వస్తుందనీ రాయడానికి గళ్ళు తెరుచుకుంటాయి. పని వివరించమన్న పెట్టెలో ఎన్నెకరాలు, ఏ ఊళ్ళో, ఏం పంట, సొంత సాగా కౌలుకిచ్చారా అన్నది రెండు వాక్యాల్లో రాస్తే చాలు. భూమి అమ్మ పేరున ఉండి, గేదెల పాడి కూడా ఆవిడే చూసుకుంటుంటే ఆవిడనూ ఒట్టి హోమ్‌మేకర్‌గా వదిలేయక్కర్లేదు. చేయని పనిని చేస్తున్నట్టు మాత్రం రాయకూడదు.

ఇంకోటి, "ఇంతకు ముందు అమెరికా వీసా నిరాకరించారా?" అన్న ప్రశ్న. దీనికి అవునని పెట్టాల్సిందే. 221(జి) కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కింద వివరణ అడుగుతారు. ఏ నెల, ఏ సంవత్సరం, హైదరాబాద్, బీ1/బీ2, సెక్షన్ 214(బి) అని ఒక్క లైను చాలు. "మా అన్ని కాగితాలూ చూడకుండానే అన్యాయంగా నిరాకరించారు" వంటి వాదనలకు అది చోటు కాదు. లేదని పెడితే మాత్రం రికార్డు వాళ్ళ దగ్గరే ఉంది కనుక, 214(బి)తో పోయేది కాస్తా పైన చెప్పిన 212(ఎ)(6)(సి) దాకా వెళ్తుంది. మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. సిటిజన్ అయిన పిల్లలు తల్లిదండ్రుల గ్రీన్ కార్డు కోసం ఐ-130 వేసి ఉంటే అవునని చెప్పాలి. అలా వేశాక "చూసొచ్చేస్తాం" అంటే నమ్మించడం చాలా కష్టం. ఆ దారిలో ఉన్నవాళ్ళు విజిటర్ వీసాకు మళ్ళీ ఫీజు కట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

అక్కడి బంధువుల గురించి అడిగేచోట పిల్లలందరి పేర్లూ, స్టేటస్‌తో సహా ఇవ్వాలి. చిన్నమ్మాయి స్టూడెంట్ వీసా మీద వెళ్ళింది కదా, చెప్తే రిజెక్ట్ చేస్తారని పెద్దబ్బాయి ఒక్కడి పేరే రాస్తే, ఆ అమ్మాయి తన డీఎస్-160లో తల్లిదండ్రుల పేర్లు రాసే ఉంటుందన్నది మరచిపోయినట్టే.

చిన్న చిన్నవి కొన్ని. పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. ఆధార్‌లో తేదీ వేరుగా ఉన్నా ఇక్కడ పాస్‌పోర్టుదే చెల్లుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాస్‌పోర్టు చిరునామాలో తూర్పుగోదావరి ఉండి ఇప్పుడు కోనసీమ అని రాయాల్సి వచ్చినా భయపడక్కర్లేదు, ఇప్పటి చిరునామా రాస్తే సరిపోతుంది. ఫొటో ఆరు నెలల లోపుదై ఉండాలి, కళ్ళజోడు ఉండకూడదు. సగం నింపి వదిలేసిన ఫారం 30 రోజులే నిలవ ఉంటుంది. చివరి పేజీలో ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని అడిగితే, కన్సల్టెన్సీ నింపినప్పుడు అవుననే పెట్టాలి. చాలా కన్సల్టెన్సీలు ఇక్కడ లేదని నొక్కేస్తాయి. ఫారం మీద సంతకం మాత్రం మీ నాన్నగారిదే, రేపు జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే.

పొలం, చెరువు, ఆదాయం

డెల్టా రైతులకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఆదాయం దగ్గర. వ్యవసాయాదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి చాలామందికి రిటర్నులు ఉండవు. ఉండకపోవడం తప్పు కాదు. వీసా కోసమని హడావుడిగా మూడేళ్ళ రిటర్నులు వేయించడం, ఇంటర్వ్యూకు వారం ముందు బావమరిది దగ్గర పదిలక్షలు తెచ్చి అకౌంటులో వేయడం ఉన్న అనుమానాన్ని పెంచుతాయి. స్టేట్‌మెంటు చూసిన ఎవరికైనా కనిపించేది మొత్తం కంటే ముందు ఆ డబ్బు పడిన తేదీయే.

ఆస్తి విలువతో ఆదాయాన్ని కలపకూడదు. ఎకరం ఎన్ని లక్షలన్నది ఆఫీసరుకు పెద్దగా పట్టదు. ఆస్తి ఇక్కడే ఉంచి మనిషి అక్కడ ఉండిపోవచ్చు, అమ్మకానికీ పెట్టొచ్చు. నెలనెలా ఇక్కడి జీవితం ఎలా నడుస్తోందన్నదే ఆయనకు కావాలి. వరి ఆదాయం ఏడాదికి రెండుసార్లే వస్తుంది కనుక ఫారంలో నెలసరి లెక్క రాయాలంటే పన్నెండుతో భాగించుకోవాలి. ఉదాహరణకు అయిదెకరాలు కౌలుకిచ్చి, సార్వా దాళ్వా (ఖరీఫ్, రబీ) కలిపి ఎకరాకు 25 బస్తాల చొప్పున మక్తా, అంటే కౌలు ధాన్యం, వస్తోందనుకుందాం. మొత్తం 125 బస్తాలు. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు కాబట్టి 75 కిలోల బస్తా 1,725 అవుతుంది. ఏడాదికి 2,15,625, నెలకు సుమారు 18,000. అదే రాయాలి. దాన్ని లక్ష చేసి రాసి, ఇంటర్వ్యూలో "ఏడాదికి ఎంతొస్తుందమ్మా?" అని అడిగినప్పుడు అమ్మ నిజం చెప్పేస్తే, అబద్ధమాడింది అమ్మా ఫారమా అన్నది ఆఫీసరే తేల్చుకుంటారు. తక్కువ ఆదాయం వల్ల వీసా పోతుందన్న భయం అక్కర్లేదు. ఖర్చు అబ్బాయి పెట్టుకుంటున్నాడని నిజంగా చెప్పొచ్చు.

రొయ్యల చెరువులవాళ్ళకు దీనికి తలకిందుల సమస్య. ఒక పట్టుబడికి అకౌంటులో పాతిక లక్షలు పడి, నెల తిరగకముందే మేతకు, రొయ్యపిల్లకు, కరెంటుకు, లీజుకు వెళ్ళిపోతాయి. ఆ పాతిక లక్షల్నీ ఆదాయంగా రాయకూడదు, ఖర్చులు పోను మిగిలిందే ఆదాయం. అకౌంటులో ఆ పెద్ద మొత్తాలేమిటని అడిగితే ఎన్నెకరాల చెరువు, ఏడాదికి ఎన్ని పంటలు, సరుకు ఎవరు కొంటారు అన్నది చెప్పగలగాలి. కొబ్బరి అయితే దింపు దింపుకూ వచ్చేదాన్ని ఏడాదికి కూడి, అదే విధంగా పన్నెండుతో భాగించాలి.

పొలం ఉందన్న మాటను తిరిగొచ్చే కారణంగా చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. భూమంతా కౌలుకిచ్చేసి, "నేను లేకపోతే పంట పాడైపోతుందండి" అంటే అది నిలవదు. హైదరాబాద్‌లో కూర్చునే ఆఫీసర్లు ఆంధ్రా రైతుల్ని రోజూ చూస్తారు. "కౌలుకిచ్చారా?" అన్న ఒక్క ప్రశ్నతో సంగతి తేలిపోతుంది. సొంత సాగైతే మాత్రం ఇది మంచి కారణం, దాన్ని ప్రయాణం తేదీలతో ముడిపెట్టి చెప్పాలి. దాళ్వా మాసూళ్ళు ఏప్రిల్‌లో అయిపోతాయి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్ళొదిలితే నారుమళ్ళు మొదలు. ఆ మధ్యలో వెళ్ళొస్తామన్న రైతు మాటకు లెక్క కుదురుతుంది. జూన్‌లో బయల్దేరి డిసెంబరులో వస్తామంటే, మరి సార్వా ఎవరు వేస్తారు?

ఇంటర్వ్యూలో జరిగేది

మొత్తం రెండు మూడు నిమిషాలు. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, మొహమాటపడి రాని ఇంగ్లీషులో చెప్పబోవడం దండగ. ఒక తల్లి ఇంటర్వ్యూ ఎలా చెడిపోతుందో చూడండి:

"అమెరికా ఎందుకు వెళ్తున్నారు?"

"మా అబ్బాయి రమ్మన్నాడండి."

"ఎన్నాళ్ళుంటారు?"

"ఆరు నెలలండి."

"అబ్బాయి ఏం చేస్తాడు?"

"సాఫ్ట్‌వేరండి."

"ఇక్కడ మీకెవరున్నారు?"

"ఎవరూ లేరండి. పిల్లలిద్దరూ అక్కడే."

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ అవతల కూర్చున్న మనిషికి వినపడింది ఏమిటి? ప్రత్యేకమైన పనేమీ లేదు, ఉండగలిగినంత కాలం ఉంటారు, ఇక్కడ ఎదురుచూసేవాళ్ళు లేరు. అదే ఆవిడ, అవే పరిస్థితులు, ఇలా కూడా చెప్పొచ్చు: "అబ్బాయి డాలస్‌లో ఇల్లు కొన్నాడండి, మేలో గృహప్రవేశం. ఏప్రిల్ ఆఖర్న వెళ్ళి ఆరు వారాలుండి వచ్చేస్తాం. మూడెకరాలు సొంత సాగండి, కాలవలొదిలేసరికి ఆయన ఇక్కడుండాలి. ఇంట్లో మా అత్తగారున్నారు, మేం వచ్చేదాకా మా ఆడపడుచు చూసుకుంటుంది." "ఎవరున్నారు" అంటే పిల్లలనే అర్థమనుకుని అత్తగారిని చెప్పకపోవడం ఎంత సహజమో, ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల జరిగే నష్టం అంత పెద్దది.

దీన్ని బట్టీ పట్టించకూడదు. అబ్బాయి వాట్సాప్‌లో పంపిన ముప్పై ప్రశ్నలూ జవాబులూ అప్పజెప్పే తల్లి, వరసలో లేని ముప్పైఒకటో ప్రశ్నకు తడబడుతుంది. బట్టీ పెట్టిన మాట వినగానే తెలిసిపోతుంది కూడా. ఆవిడకు నిజంగా తెలిసి ఉండాల్సినవి కొన్నే: కొడుకు ఏ ఊళ్ళో ఉంటున్నాడు, ఏ కంపెనీ, ఏ వీసా, ఎన్నేళ్ళుగా ఉన్నాడు, ఎప్పుడు వెళ్ళి ఎప్పుడు రావాలనుకుంటున్నారు, ఖర్చెవరిది, ఫారంలో ఏం రాశారు. ఫారంలో రాసింది అమ్మకూ నాన్నకూ తెలుగులో ఒకసారి చదివి వినిపించడం, నెలరోజుల మాక్ ఇంటర్వ్యూలకంటే ఎక్కువ పనిచేస్తుంది.

రెండోసారి వెళ్ళినవాళ్ళను ఎక్కువగా అడిగేది: "పోయినసారి తర్వాత ఏం మారింది?" దీనికి "ఏమీ లేదండి, మళ్ళీ ప్రయత్నిస్తున్నాం" అన్నారంటే ఇంటర్వ్యూ దాదాపు అక్కడితో అయిపోయినట్టే. పరిస్థితి మారితే అది ముందు చెప్పాలి. మారకుండా పోయినసారి చెప్పలేకపోయింది ఉంటే, "పోయినసారి నేను సరిగ్గా చెప్పలేకపోయానండి, మేం వెళ్ళేది ఫలానా పనికి, ఇన్ని వారాలకు" అని నేరుగా చెప్పొచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పోయినసారి ఆరు నెలలన్నది ఈసారి ఆరు వారాలైతే ఎందుకు తగ్గిందో కారణం ఉండాలి. కారణం లేకుండా అంకె మాత్రమే మారితే ఎవరో నేర్పించారని ఇట్టే అర్థమైపోతుంది.

అమ్మాయి పురిటికి వెళ్ళే తల్లుల సంగతి కొంచెం సున్నితం. కూతురి కాన్పు సమయానికి పక్కనుండాలనుకోవడం విజిటర్ వీసాకు సరైన కారణమే, దాచాల్సిన పని లేదు. ఇబ్బంది అసలు ఎక్కడొస్తుందంటే, మాటల్లో అది పిల్లను చూసుకునే ఉద్యోగంలా వినిపించినప్పుడు. "అమ్మాయి ఆఫీసుకెళ్తుంది, పాపను చూసుకోవడానికి ఎవరూ లేరండి, అందుకని" అంటే, ఆయా బదులు అమ్మ వెళ్తోందని అర్థం చేసుకుంటారు. అమ్మ ఆరు నెలలుండి రాగానే అత్తగారు ఆరు నెలలకు వెళ్ళడం మన ఇళ్ళలో మామూలే గాని, రెండు కుటుంబాల ఫారాల్లోనూ అదే చిరునామా, అదే పసిబిడ్డ ఉంటే ఆ వరస ఆఫీసరుకూ కనిపిస్తుంది. కాన్పు తేదీకి కొంచెం ముందు వెళ్ళి, బారసాల అయ్యాక ఎప్పుడు వస్తారో చెప్పగలిగితే ఆ అనుమానానికి తావుండదు.

నిజంగా కష్టమైన కేసులు

భర్త పోయి, పిల్లలందరూ అమెరికాలోనే ఉండి, భూమంతా కౌలుకిచ్చి ఒంటరిగా ఉంటున్న తల్లి. ఇలాంటి ఇళ్ళు కోనసీమలో వీధికొకటి ఉన్నాయి. ఇక్కడ ఏ కన్సల్టెన్సీ హామీ ఇచ్చినా నమ్మకండి. ఇక్కడ ఉండే జీవితాన్నే ఆవిడ చూపించాలి: ఫ్యామిలీ పెన్షన్, అద్దెలు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు, గుడి కమిటీ, ఇంతకుముందు ఏ దేశమైనా వెళ్ళి సమయానికి తిరిగొచ్చిన చరిత్ర. ఇవి ఉన్నా రాకపోవచ్చు. పాస్‌పోర్టులో ముద్రల కోసమే మూడు రోజుల బ్యాంకాక్ టూరు వెళ్ళొస్తే మాత్రం దానికి అంత బలం ఉండదు.

దంపతులిద్దరికీ రిజెక్ట్ అయితే ఈసారి ఒక్కళ్ళే వెళ్ళడం మేలా? నిజంగానే ఒక్కళ్ళే వెళ్ళాలనుకుంటే మేలే, రెండోవాళ్ళు ఇక్కడుండటం తిరిగొస్తారనడానికి గట్టి ఆధారం. అమ్మకు వీసా రాగానే నెలకు నాన్న కూడా అప్లై చేసే ఎత్తుగడగా మాత్రం చేయొద్దు. రెండు ఫారాలూ ఒకే చోట ఉంటాయి.

అబ్బాయి ఎంత సంపాదిస్తున్నాడన్నదాని మీద మన ఆశ ఎక్కువ. స్పాన్సర్ లెటరు, ఖర్చు భరిస్తామని పిల్లలిచ్చే ఐ-134 అఫిడవిట్టు విజిటర్ వీసాకు అవసరం లేదని అమెరికా విదేశాంగ శాఖే చెప్తుంది. అర్హత చూసేది తల్లిదండ్రులది. పిల్లలు ఎంత బాగా స్థిరపడితే అక్కడ ఉండిపోవడం అంత సులువు కదా అని కూడా అనుకోవచ్చు. అబ్బాయి స్టేటస్ సక్రమంగా ఉందని చూపడానికి అతని ఐ-797 (అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఆమోద పత్రం) కాపీ ఒకటి ఉంచుకుంటే చాలు.

స్లాటు, ప్రయాణం

ఫారం పంపాక వచ్చే కన్ఫర్మేషన్ నంబరు, అపాయింట్‌మెంటులో ఎక్కించిన నంబరు ఒకటే అయి ఉండాలి. స్లాటు బుక్ చేశాక తప్పు కనిపించి కొత్త ఫారం నింపితే అపాయింట్‌మెంటులోనూ ఆ నంబరు మార్చుకోవాలి. మార్చకుండా వెళ్ళి గేటు దగ్గర తిరిగొచ్చినవాళ్ళున్నారు. ఫీజు రసీదు 365 రోజులు చెల్లుతుంది. 2025 జనవరి నుంచి స్లాటును అదనపు ఫీజు లేకుండా ఒక్కసారే మార్చుకోగలం. ఎర్లీ స్లాటు ఇప్పిస్తామని వేలకు వేలు అడిగేవాళ్ళకు లాగిన్ ఇవ్వకండి. 2025 మార్చిలో, బాట్లతో (వాటంతటవే స్లాట్లు పట్టేసే సాఫ్ట్‌వేర్లతో) బుక్ చేశారంటూ అమెరికా ఎంబసీ ఇండియాలో సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను ఒక్కసారిగా రద్దు చేసింది.

79 దాటిన పెద్దవాళ్ళకు ఇంటర్వ్యూ లేదన్న పాత వెసులుబాటు 2025 సెప్టెంబరులో పోయింది. తాతగారినైనా తీసుకెళ్ళాల్సిందే. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులోని వీసా సెంటరులో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. రెండూ వేర్వేరు రోజుల్లో ఉంటాయి కాబట్టి రెండు రాత్రుల బస చూసుకోవాలి. కాకినాడ నుంచి గౌతమి లింగంపల్లి దాకా వెళ్తుంది, సికింద్రాబాద్‌లో దిగి ఊరంతా దాటడం కంటే అది నయం. కాన్సులేటులోకి ఫోను, స్మార్ట్‌వాచీ, బ్యాగు రానివ్వరు. ఫోను బయట ఎవరికివ్వాలో ముందే అనుకోకపోతే ఇంటర్వ్యూకు ముందే అమ్మకు బీపీ పెరుగుతుంది. వెంట తీసుకెళ్ళే ఫైలు పల్చగా ఉండొచ్చు: పాత, కొత్త పాస్‌పోర్టులు, కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంటు కాగితం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పొలం పట్టాదారు పాసుపుస్తకం కాపీ, పెన్షన్ కాగితం, వెళ్ళే సందర్భానికి ఆధారం. అడిగితేనే ఇవ్వాలి.

అమెరికా కాదన్నదని ఈలోగా కెనడాకో బ్రిటన్‌కో పెట్టేవాళ్ళకు ఒక మాట. ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని ఆ ఫారాల్లోనూ అడుగుతారు, అక్కడా అవుననే రాయాలి. ఆ రెండు దేశాలూ తిరస్కరిస్తే కారణాలు లేఖలో రాస్తాయి. వాటిని పారేయకుండా ఉంచుకోవాలి.

ఈసారి వీసా వస్తే అది మామూలుగా పదేళ్ళకు వస్తుంది. అంతమాత్రాన పదేళ్ళు ఉండొచ్చని కాదు. ఒక్కో ప్రయాణంలో ఎన్నాళ్ళుండాలో అక్కడి విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు, సాధారణంగా ఆరు నెలలిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది, దిగిన వారంలోపు ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఆరు వారాలని చెప్పి వెళ్ళినవాళ్ళు ఆరు నెలలూ ఉండిపోతే చట్టం ఒప్పుకుంటుంది గాని, తర్వాతి ప్రయాణంలో విమానాశ్రయంలో దాని గురించి అడుగుతారు. అనారోగ్యం వంటి కారణంతో ఇంకా ఉండాల్సి వస్తే ఐ-94 తేదీ దాటకముందే గడువు పొడిగించమని ఐ-539 ఫారం వేయాలి. తేదీ దాటి ఒక్కరోజున్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించితే మూడేళ్ళు, ఏడాది అయితే పదేళ్ళు మళ్ళీ అడుగుపెట్టనివ్వరు.